ఉమాపతికి పాలు

కార్డు వచ్చేసరికి పద్మకుమారి పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటోంది. పోస్టుమేను వీధరుగు మీంచి కేక వెయ్యగానే తడిజుట్టు భుజాన వేసుకుని పరుగెత్తింది. కొత్తకోడలు ఇంట్లో పరుగులు పెట్టకూడదని అత్తగారు సుభద్రమ్మ మూడు నెలలుగా చెబుతూనే ఉంది. కానీ పెళ్ళయిన దగ్గర్నుంచీ పద్మకుమారి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. పొద్దున్నే ఇత్తడి గ్లాసులో కాఫీ నురగ చూసినా ఆనందమే. దండెం మీద తన చీర పక్కన అతని పంచె ఆరుతుంటే చూసినా ఆనందమే. ఆమదాలవలసకి ఉత్తరం, అదీ తను చదువుకున్న విజయనగరం ముద్రతో వస్తే ఇంక చెప్పాలా?

కార్డులో ఇలా ఉంది.

"ఉమాపతి కులాసా. వెనక కాలు నయమైంది. రోజుకి మూడు పూటలా తింటున్నాడు. కట్టు కట్టే మనిషిని రెండుసార్లు కరిచాడు గనక బలం కూడా వచ్చిందనే అనుకోవాలి. మీకు వీలైన రోజున వచ్చి తీసుకువెళ్ళవచ్చును."

పద్మకుమారి తెల్లబోయింది. ఉమాపతి అంటే ఆమె మొగుడు. ఇప్పుడే కాఫీ తాగి, రెండు కాళ్ళ మీదా శుభ్రంగా నడిచి, వీధివైపున్న ధాన్యం కొట్లోకి వెళ్ళాడు. ఎవరినీ కరవలేదు. కింద "గణపతిరావు, ప్రాణిదయా సంఘం" అన్న సంతకం చూశాక గానీ ఆమెకి అర్థం కాలేదు. ఇది తన పిల్లి సంగతి!

రెండు నెలల కిందట కొత్త దంపతులిద్దరూ రామతీర్థం వెళ్ళారు. కొండ దిగుతుంటే మెట్ల పక్కన పొదలో ఒక పిల్లిపిల్ల, బూడిదరంగు చారలది, కాలు నలిగిపోయి పడి ఉంది. ఎవరి పిల్లీ కాదు. పద్మకుమారి దాన్ని కొత్త పట్టుచీర కొంగులో చుట్టేసుకుంది. ఉమాపతి ఒక్క మాటైనా అనకుండా విజయనగరం దాకా జట్కా మాట్లాడాడు. ఊరి చివర ప్రాణిదయా సంఘంలో దిక్కులేని పశువులకి వైద్యం చేసి, నయమయ్యాక మంచి ఇల్లు చూసి పంపుతారు. అక్కడ అప్పగించి వచ్చారు. ఆ రోజు మొగుడు ఆ జట్కావాడితో "నెమ్మదిగా పోనీ, లోపల రోగి ఉన్నాడు" అన్న మాట తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకి ముద్దొస్తుంది.

మరి పిల్లికి మొగుడి పేరెలా వచ్చింది?

మావగారు లక్ష్మణరావు కళ్ళజోడు పెట్టుకుని కార్డు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా నాన్న పేరెట్టేరమ్మా! ఆ సంఘంలో ఒక పాక మా నాన్న కట్టించిందే. పాక ఎవరు కట్టిస్తే అందులో పెరిగిన జీవానికి ఆళ్ళ పేరే పెడతారు. అదీ ఆళ్ళ పద్ధతి. సూసేవా, పోయి పాతికేళ్ళయినా మా నాన్న ఒక పేణం నిలబెట్టేడు."

ఆయన తండ్రి ఉమాపతి. తాత పోయిన ఏడాదికి పుట్టిన మనవడికి, ఏ ఇంట్లోనైనా జరిగేదే, ఆ పేరే పెట్టారు. ఇప్పుడు పిల్లికీ అదే పేరు.

"ఆ పిల్లిని తెచ్చుకోండి. కొత్తధాన్యం బస్తాల్లో ఎలకలు పడి తింతన్నాయి. మా నాన్న పేరున్న పిల్లి మన కొట్లో ఉండాల," అని మావగారు తీర్పు చెప్పేశాడు.

పద్మకుమారి సంతోషంతో వంటింట్లోకి పరుగెత్తి, అత్తగారు వద్దనేలోపే ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసేసింది. ఆ సంతోషంలో ఒక్క విషయం ఇద్దరికీ తట్టలేదు.

*

సంఘంలో పెంకుల పాకలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్క పాక మీద ఒక్కొక్క పేరు రాసి ఉంది. మధ్యాహ్నం మేత వేళకి పోతురాజు అనే మనిషి తట్ట నెత్తిన పెట్టుకుని కేకలు పెడుతూ వచ్చాడు.

"సూరయ్యా, రా నాయనా! తాతమ్మా, నీదిదిగో! తొందరేటే?"

సూరయ్య కుంటి ఎద్దు. తాతమ్మ గుడ్డి ఆవు. పేరు వినబడ్డదే తల ఎత్తుతోంది, వినబడనిది కదలకుండా ఊరుకుంటోంది. పద్మకుమారి నవ్వాపుకోలేక మొగుడి చెయ్యి గిల్లింది.

గణపతిరావుగారు సర్కారు పశువైద్యుడిగా చేసి రిటైరైన మనిషి. మందుల వాసన, మందపాటి కళ్ళద్దాలు, తక్కువ మాటలు. మూతున్న వెదురుబుట్టలో పిల్లిని పెట్టి ఇస్తూ చెప్పాడు.

"రెండే నియమాలమ్మా. ఒకటి, పేరు పెట్టి పిలిచి అప్పుడు పాలు పొయ్యాలి. ఊరికే పోసి పోతే వీడు ముట్టడు. చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆ పిలుపు మీదే తిండి అలవాటయింది. రెండు, ఎనిమిదో రోజున నేనొస్తాను. ఇంటివాళ్ళు పిలిస్తే వచ్చి తిన్నాడా, మీవాడు. లేదా, ఎవరు పిలిస్తే వస్తాడో వాళ్ళకి ఇచ్చేస్తాను. ఎవరికీ రాకపోతే నాతో తీసుకుపోతాను. మొహమాటాలు లేవు."

తిరుగు పాసింజరులో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూచుంది పద్మకుమారి. ఎదురుగా కూచున్న ఉమాపతి కొంటెగా చూశాడు.

"మరి పేరు పెట్టి ఎలా పిలుస్తావు?"

"పిలుస్తాను లెండి."

"ఏదీ, ఒకసారి పిలు. వింటాను."

పద్మకుమారి కిటికీలోంచి బయటికి చూసింది. చీపురుపల్లి దాటింది. పొందూరు దాటింది. ఆమె ఇంకా బయటికే చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

నిజానికి ఈ పద్మకుమారే కాలేజీ వక్తృత్వపు పోటీలో, భార్య భర్తని పేరు పెట్టి పిలిస్తే తప్పులేదని పావుగంట వాదించి వెండికప్పు గెలుచుకుంది. అప్పుడు ఆమెకి మొగుడు లేడు. ఇప్పుడున్నాడు. మొదట్లో ఇది అత్తగారంటే భయమేమో అనుకుంది. కాదు. ఆ పేరు నోట్లో దాచుకున్న పటికబెల్లం పలుకులా ఉంది. పైకి అనేస్తే కరిగిపోతుందేమోనని ఆమె బెంగ. ఆ పేరు అన్నది ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున మాత్రమే. గడప దగ్గర చెయ్యి అడ్డంపెట్టి, పేరు చెబితే గానీ లోపలికి రానివ్వనని పట్టుబట్టింది భాగ్యవతి. పద్మకుమారి గొణిగితే, "ఇనబళ్ళేదు! మళ్ళీ!" అని మూడుసార్లు చెప్పించింది.

ఆ భాగ్యవతి సుభద్రమ్మ తమ్ముడి కూతురు. ఉమాపతికి మేనమామ కూతురు. పెరటిగోడ అవతలే ఇల్లు. పదహారేళ్ళు, నడుం దాటిన జడ, గోడ దాటిన గొంతు. ఆ పిల్ల పుట్టినప్పుడే "ఉమాపతికి పెళ్ళాం పుట్టింది" అన్నారట ఊళ్ళో. ఆ మాట పద్మకుమారికి పెళ్ళయిన మూడో రోజునే ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో మరిచిపోయింది గానీ మాట మాత్రం మరిచిపోలేదు.

*

పిల్లి బుట్టలోంచి దిగి నేరుగా కొట్లో ధాన్యం బస్తాల వెనక్కి పోయి కూచుంది. పద్మకుమారి పాలగిన్నె తెచ్చి ముందు పెట్టింది. పిల్లి గిన్నె వంక చూసింది, ఆమె నోటి వంక చూసింది, కదల్లేదు.

ఉమాపతి ఒంగి, "ఉమాపతీ, రారా," అన్నాడో లేదో, గల్లాపెట్టె దగ్గర్నుంచి తండ్రి గర్జించాడు.

"ఒరే! ఎవర్నిరా రారా అంటన్నావు? మీ తాతనేనా?"

ఉమాపతి నాలిక కరుచుకున్నాడు. "నా పేరు నేనే పిలుచుకోవడం కూడా ఎలాగో ఉంది పద్మా," అని భార్య చెవిలో చెప్పి మిల్లుకి పోయాడు.

"పేరు మార్చేద్దామండీ, చారలున్నాయి కాబట్టి చారలయ్య అందాం," అంది పద్మకుమారి మావగారితో.

"మార్చడానికి వీల్లేదమ్మా! పేరు మారిస్తే మా నాన్నకి దక్కిన పుణ్యం ఏటైపోతాది?"

అలాగని ఆయన పిలవడు. కన్నతండ్రి పేరు పెట్టి పిల్లిని ఎలా పిలుస్తాడు? సుభద్రమ్మకి అది మావగారి పేరు. ఆవిడ ఈ ఇంటికి కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాట నోట రాలేదు. శివపూజలో నామాలు చదివేటప్పుడు కూడా ఆ నామం దగ్గరికి రాగానే పెదవులు మూసి, తల వంచి, ఒక పువ్వు ఎక్కువ వేసి ముందుకి పోతుంది. కన్నకొడుకుని కూడా "బాబూ" అనే పిలుస్తుంది. పనిమనిషి బుల్లమ్మని బతిమాలితే ఆవిడ లెంపలు వేసుకుంది.

"బాబుగోరి పేరు నానెట్టి పిలుత్తానేటమ్మా? కళ్ళు పోవా!"

రెండో రోజు సాయంత్రానికి గిన్నెలో పాలు విరిగిపోయాయి. పిల్లి డొక్క లోపలికి పోయింది. పద్మకుమారి చెంచాతో గిన్నె మీద మోగించింది. "చారలయ్యా" అంది, "బాబూ" అంది, "ఇదిగో, ఇటు" అంది. చివరికి కొట్లో లెక్కల పలక తెచ్చి, దాని మీద గుండ్రని అక్షరాలతో పేరు రాసి, పిల్లి మొహం ముందు పెట్టింది. పిల్లి పలక వాసన చూసి, ఒకసారి తుమ్మి, మళ్ళీ బస్తా వెనక్కి పోయింది. బి.ఏ. దాకా చదివిన తను పిల్లికి పలక చూపించిందని ఎవరికీ తెలియకూడదని ఆమె గబగబా కొంగుతో తుడిచేసింది.

మూడో రోజు పొద్దున్న భాగ్యవతి పెరటి తలుపు తోసుకుని గోంగూర కట్టతో వచ్చింది.

"ఏటక్కా, మీ పిల్లి తిండి మానేసిందట? పిలవడానికి మీ ఇంట్లో నోళ్ళున్నోళ్ళే లేరట?"

అని గోంగూర నూతిగట్టు మీద పడేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, వీధంతా వినబడేలా ఎత్తుకుంది.

"ఉమాపతీ...ఈ...ఈ!"

బస్తాల వెనక నుంచి తోక నిటారుగా పెట్టుకుని పిల్లి పరుగెత్తుకొచ్చింది. ఒక కాలు కుంటుతూనే వచ్చి భాగ్యవతి పాదాల మీద పడి, ఆమె పోసిన పాలు తలెత్తకుండా తాగేసింది. అదొక్కటే అయితే పద్మకుమారి సంతోషించి ఉండేదేమో. కానీ సరిగ్గా అప్పుడే నడవ తలుపులోంచి మొగుడు తల బయటపెట్టాడు.

"ఆఁ! ఎవరూ?"

"నిన్ను కాదు బావా! నీ పేరోణ్ణి!" అంది భాగ్యవతి. ఉమాపతి నవ్వుతూ వెళ్ళిపోయాడు.

పద్మకుమారి కూడా నవ్వింది. నవ్వేటప్పుడు పళ్ళు కొంచెం నొప్పెట్టాయి.

*

ఆనాటి నుంచి రోజుకి మూడు పూటలా ఆ కేక. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి, దీపాల వేళ ఒకటి. పిల్లి ఆకలి తీరాలి గనక ఎవరూ కాదనలేరు. మావగారు కూడా "పక్కింటి పిల్ల కదా, దానికి పట్టింపేటి" అని ఊరుకున్నాడు. ఒక్కొక్క కేకలో ఆ "తీ" ఎంతసేపు సాగుతోందో, మొగుడు తల ఎత్తాడో లేదో, ఎత్తితే నవ్వాడో లేదో, అన్నీ చూడడమే పద్మకుమారికి పనైపోయింది. ఇన్నాళ్ళూ తను దాచుకుని దాచుకుని చప్పరిస్తున్న మాటని ఈ పిల్ల శనగలు నమిలినట్టు నములుతోంది!

నాలుగో రోజు పెరటి తలుపుకి గడియ పెట్టింది. భాగ్యవతి తలుపు కొట్టలేదు. గోడ అవతల నుంచే ఎత్తుకుంది. పిల్లి మూడున్నర కాళ్ళతో గోడెక్కి దూకేసింది. అరగంట తరవాత మూతి నాక్కుంటూ తిరిగి వచ్చి, పద్మకుమారి చీర కుచ్చెళ్ళకే ఒళ్ళు రుద్దుకుంది. ఆమె కుచ్చెళ్ళు విదిలించుకుంది.

"అక్కడే ఉండకపోయావా? ఇక్కడికెందుకు వచ్చావు?"

పిల్లి ఆ మాటకి ఏమీ అనుకోలేదు. అదే ఇంకా మంటగా ఉంది.

అయిదో రోజు మధ్యాహ్నం భాగ్యవతి గట్టు మీద కూచుని, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, దాని చెవి వెనక గోకుతూ కొట్లోకి కేకేసింది.

"బావా! నీ పేరోడు నా ఒళ్ళో పడుకున్నాడు సూడు! ఎనిమిదో నాడు ఆ సంఘం మేస్టారొస్తే నాకే ఇచ్చెయ్యమంటాను. నా మాటే కదా ఇంటన్నాడు!"

ఆ పూట ఉమాపతికి చారులో ఉప్పు పడలేదు. మజ్జిగలో రెండుసార్లు పడింది.

"పిల్లి గురించేనా?" అన్నాడు అతను, అన్నం మీద నుంచి తలెత్తి.

"ఏం గురించి?"

"ఈ మజ్జిగ గురించి."

"మజ్జిగ బాగులేకపోతే పక్కింట్లో తాగండి. వాళ్ళు తియ్యగా పిలిచి పోస్తున్నారుగా."

"నన్నా, పిల్లినా?"

"ఎవర్నయితేనేం? పేరొకటే కదా. ఆవిడ పిలిస్తే ఇద్దరూ తలెత్తుతున్నారు."

ఉమాపతి ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆమె వంక చూశాడు. "మరి నువ్వొక్కసారి పిలిచి చూడు పద్మా. ఇద్దరిలో ఎవరు ముందొస్తారో."

ఆమె విసనకర్ర కింద పడేసి లోపలికి వెళ్ళిపోయింది. లోపల గోడ వైపు తిరిగి పెదవులు కదిపి చూసింది. "ఉ" దాకా వచ్చింది. ఆ పైన గొంతులో ఎవరో గడియ వేసినట్టయింది. తలుపు చాటున అతను వింటున్నాడేమోనన్న అనుమానం రాగానే ఆ "ఉ" కూడా పోయింది.

*

ఏడో రోజు పొద్దున్న వంటింట్లో అత్తాకోడళ్ళిద్దరూ చిక్కుడుకాయలు తుంచుతున్నారు. పెరట్లోంచి మామూలు కేక వినబడింది. "ఉమాపతీ...ఈ!"

పద్మకుమారి చేతిలో చిక్కుడుకాయ నలిగి ముక్కలైంది. తలెత్తి చూస్తే, సుభద్రమ్మ చేతిలోది కూడా నలిగి ఉంది.

ఇద్దరూ ఒకరి చేతులొకరు చూసుకున్నారు.

"ఇరవై నాలుగేళ్ళు," అంది సుభద్రమ్మ, నలిగిన కాయని పక్కన పెడుతూ. "నా కడుపున పుట్టినోణ్ణి ఒక్కసారి పేరెట్టి పిలవలేదే అమ్మాయీ. మా అమ్మ పిలిచింది, మా తమ్ముడు పిలిచేడు, వీధిలో బెల్లం అమ్మేవోడు పిలిచేడు. బళ్ళో వేసిన రోజున పంతులుగారు 'పేరేటమ్మా?' అని నన్నడిగితే నాను నేల చూపులు చూసేను. వీడే చెప్పుకున్నాడు, ముద్దుముద్దుగా. ఈ భాగ్యవతి మాటలొచ్చిన దగ్గర్నుంచీ గోడ మీంచి వాణ్ణి పేరెట్టి కేకేసేది. నా తమ్ముడి కూతురే, నానంటే పేణం దానికి. అయినా ఇనబడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది."

పద్మకుమారి పీట దగ్గరికి జరుపుకుంది. ఈ ఇంట్లో మండేది తన ఒళ్ళొక్కటే అనుకుంది ఇన్నాళ్ళూ.

"మీకూనా అత్తయ్యా?"

"మరేటనుకున్నావు? నీకు అయిదు రోజులే." సుభద్రమ్మ చిక్కుడు పీచు గట్టిగా లాగింది. "రేపు ఆ మేస్టారొస్తాడు. పిల్లి పక్కింటికి పోతే రోజుకి మూడుసార్లు ఆ గోడ మీంచి ఇనాల మనం. నువ్వు పిలిచెయ్యి. నాను ఇనబడనట్టు ఉంటాను."

"మావగారో?"

"అదే నాకూ తెలీదు," అంది సుభద్రమ్మ.

*

ఎనిమిదో రోజు మధ్యాహ్నం బండికి గణపతిరావుగారు దిగి, నేరుగా వచ్చి, మజ్జిగ తేట మాత్రం పుచ్చుకుని, పెరట్లో నిలబడ్డాడు. మావగారు పైపంచె సవరించుకుని కుర్చీలో కూచున్నాడు. సుభద్రమ్మ వంటింటి తలుపు చాటున ఉంది. ఉమాపతి నడవ గుమ్మానికి ఆనుకున్నాడు. భాగ్యవతి కొత్త ఓణీ వేసుకుని, సొంత గిన్నె కూడా తెచ్చుకుని గోడ దగ్గర తయారుగా ఉంది. పెరట్లోకి తెరిచిన కొట్టు తలుపులోంచి బస్తాలు కనబడుతున్నాయి, పిల్లి ఎప్పటిలా వాటి వెనక ఉంది.

"ఇంటివాళ్ళు ముందు," అన్నాడు గణపతిరావుగారు.

"అక్క పిలవదండి. నానే..."

"నువ్వాగమ్మా."

పద్మకుమారి పాలగిన్నె పట్టుకుని ముందుకి వచ్చింది. నోరు తెరిచింది. చప్పుడు రాలేదు. భాగ్యవతి కిసుక్కుమంది. మావగారు చిన్నగా దగ్గాడు. ఆ దగ్గులో తండ్రి పేరు మీద ఆయనకున్న దడ అంతా వినబడింది పద్మకుమారికి. ఇప్పుడు రారా అంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. అనకపోతే పిల్లి పోతుంది. పిల్లితో పాటు ఆ పేరు కూడా గోడ అవతలికి పోతుంది. రేపటి నుంచి భాగ్యవతి గిన్నె, భాగ్యవతి ఒడి, భాగ్యవతి సాగదీసే "తీ".

ఒళ్ళు ఒక్కసారి భగ్గుమంది. ఆ మంటలోనే గొంతులో గడియ ఊడిపోయింది.

"ఉమాపతిగారూ!"

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ "గారు" ఎక్కణ్ణుంచి వచ్చి చేరిందో ఆమెకే తెలియదు. వచ్చాక మాత్రం మిగిలిన మాటలకి దారి దొరికింది.

"పాలు పోశానండీ. దయచెయ్యండి."

బస్తా పక్క నుంచి ఒక చెవి బయటికి వచ్చింది. తరవాత ఒక కన్ను. పిల్లి రెండడుగులు వేసి, మధ్యలో ఆగి, అలవాటుగా భాగ్యవతి వైపు తల తిప్పింది. పద్మకుమారి ఒక అడుగు ముందుకి వేసింది. ఈసారి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. వీధంతా వింటే విననీ అనుకుంది.

"ఉమాపతిగారూ! ఇటండీ! మీ ఇల్లు ఇటు!"

పిల్లి ఇటు తిరిగింది. కుంటుకుంటూ వచ్చి ఆమె పాదం మీద ఒక చెయ్యి వేసి, గిన్నెలో మూతి పెట్టింది. చప్పుడు చేస్తూ తాగింది. అంత చక్కటి చప్పుడు తను ఇంతవరకూ వినలేదనిపించింది పద్మకుమారికి.

మావగారు కుర్చీలోంచి లేచిపోయాడు.

"అదీ! అదీ మర్యాదంటే! మా నాన్నని తాసిల్దారు కూడా అలాగే పిలిచేవోడు! నాకెందుకు తట్టలేదు ఈ ముక్క?"

"పిల్లికి గారేటక్కా!" భాగ్యవతి పొట్ట పట్టుకుని నవ్వుతూ గోడ కింద కూలబడిపోయింది. "దయచెయ్యండట! ఓలమ్మో!" నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుని గణపతిరావుగారితో అంది. "మేస్టారూ, మాఘమాసంలో నా పెళ్ళి. పార్వతీపురం సంబంధం, నిన్ననే ఉత్తరమొచ్చింది. నాకు కూడా ఒక పిల్లిని పంపండి. కానీ పంపేముందు మా ఆయన పేరేటో అడిగి, ఆ పేరు మాత్రం పెట్టకండి!"

పెళ్ళి కుదిరిందా? పద్మకుమారి తెల్లబోయి ఆ పిల్ల వంక చూసింది. ఇన్ని రోజులుగా ఈమె మీదేనా తను నిప్పులు కక్కింది? పాపం, మంచి పిల్లే, జడ కూడా నిజంగా బాగుంటుంది అనుకుంది. కానీ మరుక్షణమే పిల్లి పాలు తాగడం ఆపి భాగ్యవతి వైపు ఒకసారి చూసేసరికి, గిన్నెని పాదంతో మెల్లగా తన వైపు జరుపుకుంది.

గణపతిరావుగారు జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నాడు. "మీవాడే," అని ఒక్క మాట అని గొడుగు తీసుకున్నాడు.

అందరూ వెళ్ళాక ఉమాపతి భార్య దగ్గరికి వచ్చాడు.

"పిలిచావుగా. వచ్చాను."

"మిమ్మల్నెవరు పిలిచారు? పాలు మీకా?"

"నీ నోట అలా వినబడుతుందని తెలిస్తే, పెళ్ళిచూపుల నాడే కాలు విరగ్గొట్టుకుని మెట్ల పక్కన పడుకునేవాణ్ణి."

"ఛీ, అవేం మాటలు!" అంది పద్మకుమారి. కానీ ఆ మాట ఆ సాయంత్రమంతా ఆమెతోనే వంటింట్లో తిరిగింది. పటికబెల్లం కరిగిపోలేదు సరికదా, పలుకు ఇంకొంచెం పెద్దదైనట్టుంది.

దీపాల వేళ సుభద్రమ్మ పాలు కాస్తూ, పొయ్యి వంకే చూస్తూ మాట్లాడింది.

"అమ్మాయీ. రేపు పొద్దున్నే మీ మావగారు శ్రీకాకుళం వెళ్తన్నారు. మజ్జాన్నం దాకా రారు."

"అవునండీ."

"పొద్దుటి పాలు నాను పోస్తాను."

పద్మకుమారికి చురుక్కుమంది. సంపాదించి ఒక్క పూట కాలేదు, అప్పుడే వాటాకి వస్తున్నారు! "నేను పోస్తాను కదా అత్తయ్యా, మీకెందుకు శ్రమ?" అనబోయి, ఆవిడ మొహం చూసి మానుకుంది. మంట వెలుగులో ఆవిడ పెదవులు ఏదో మాటని చప్పుడు లేకుండా కూడదీసుకుంటున్నాయి.

"గారు పెడతారా?" అంది మెల్లగా.

"మావగారికి పెట్టకుండా ఎలాగే? పెడతాను." సుభద్రమ్మ పాలగిన్నె దించి మూత పెట్టింది. "నువ్వు నా పక్కనే నిలబడాల, గొంతు రాకపోతే అందియ్యడానికి. రేపు ముందు పిల్లిని పిలుస్తాను. నోరు తిరిగిందా, ఆ తరవాత గారు తీసేసి, కొట్లోకి పోయి, నా కొడుకుని పిలుస్తాను."